అప్పు తీరాలంటే ముందు ఏడాది లెక్క రాయండి

అప్పులు తీర్చుకోవాలి, బడ్జెట్ వేసి పెట్టమని నా దగ్గరికి ఎవరొచ్చినా నేను ముందు జీతం ఎంతని అడగను. అప్పు ఎంతని కూడా అడగను. "పోయినసారి ఇన్సూరెన్స్ ఏ నెలలో కట్టారు? ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడుగుతాను. చాలామంది కాసేపు పైకి చూసి, "కార్డు మీద కట్టేశాం" అంటారు. సగం విషయం అక్కడే తేలిపోతుంది.

నేను ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఆ పాపానికి చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరికి లెక్క తెగకపోయినా కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తారు. వాళ్లలో డబ్బు విచ్చలవిడిగా తగలేసేవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు. నెలకు ఎంతొస్తుందో, ఎంత పోతుందో వేళ్ల మీద చెప్పగలరు. కానీ ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే ఖర్చులు ఆ లెక్కలో ఉండవు. అవి వచ్చినప్పుడల్లా కొత్త అప్పు పుడుతుంది. కాబట్టి నేను చెప్పే పద్ధతంతా ఆ కన్నం పూడ్చడం చుట్టూనే తిరుగుతుంది. ఏ డబ్బుకైనా లెక్క ఒకటే కనక అంకెల పక్కన ఏ దేశం నాణెమూ రాయడం లేదు.

అప్పుల కాగితం

అప్పులన్నీ ఒకే కాగితం మీదికి రావాలి. ఫోన్లో రాసుకున్నా పర్లేదు, ఇంట్లో ఇద్దరికీ కనబడేలా ఉంటే చాలు. ఒక్కో అప్పుకు ఒక్కో వరస. ఎవరికి బాకీ, ఇవాళ్టికి అసలు ఎంత మిగిలింది, ఏడాదికి వడ్డీ ఎంత శాతం, నెలకు ఎంత కట్టాలి, ఏ తేదీన కట్టాలి, గడువుకు ముందే తీర్చేస్తే అదనంగా ఏమన్నా పట్టుకుంటారా, తాకట్టు ఏమన్నా ఉందా. చేబదుళ్లు కూడా ఇందులోనే రాయాలి. వడ్డీ లేదు కదా అని బావమరిది దగ్గర తీసుకున్నదాన్ని వదిలేస్తారు. అడగలేక ఆయన పడే ఇబ్బంది ఏ బ్యాంకూ పడదు.

వడ్డీ గడి నింపేటప్పుడు జాగ్రత్త. ఒకరు నెల వడ్డీ చెబుతారు, ఇంకొకరు ఏడాది వడ్డీ చెబుతారు. అన్నీ ఏడాది లెక్కలోకి మార్చుకోండి. నెలకు నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. కట్టకుండా వదిలేస్తే వడ్డీ మీద వడ్డీ పడి 26.8 శాతం దాకా వెళ్తుంది. కార్డు వాళ్లు చెప్పే నెలకు 3.5 శాతం చూడ్డానికి చిన్నదే. ఏడాదికి అది 42. నెలనెలా వడ్డీ అసల్లో కలుస్తూ పోతే 51 దాటుతుంది.

ఫ్లాట్ వడ్డీ ఇంకో తిరకాసు. 1,20,000 అప్పు, రెండేళ్లు, 10 శాతం ఫ్లాట్ అన్నారనుకోండి. ఏడాదికి 12,000 చొప్పున రెండేళ్లకు 24,000 వడ్డీ. అసలుతో కలిపి 24 వాయిదాలు, ఒక్కోటి 6,000. బానే ఉందనిపిస్తుంది. కానీ మొదటి నెల నుంచే మీరు అసలు తీరుస్తున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా 1,20,000 మీదే లెక్కగట్టారు. మిగిలిన అసలు మీద మాత్రమే వడ్డీ వేసే బ్యాంకు పద్ధతిలో చూస్తే ఇది 18 శాతం అప్పు. అందుకే ఎవరు వడ్డీ చెప్పినా "ఫ్లాటా, తగ్గే అసలు మీదా?" అని అడగాలి. జవాబు తిన్నగా రాకపోతే ఫ్లాటే అనుకోండి.

తాకట్టు ఉన్న అప్పుకు ఎర్ర గీత పెడతాను. ఇల్లో బంగారమో పోయే అప్పులో వడ్డీ తక్కువైనా వాయిదా తప్పడానికి వీల్లేదు. ఇంటి అద్దె, తిండి, కరెంటు, మందులు, ఆ తర్వాత ఎర్ర గీత వాయిదాలు, మిగతావన్నీ ఆ వెనకే. ఫోన్లో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకు ముందు కట్టేయడం చాలామందికి అలవాటు. అరుపుకూ వరసకూ సంబంధం లేదు.

బిల్లులో అడిగినంతే కడితే

కార్డు బిల్లులో రెండు అంకెలుంటాయి, మొత్తం బాకీ, కనీసం కట్టాల్సింది. ఈ రెండోది చూసి "ఈ నెల గట్టెక్కాం" అనుకునేవాళ్లకు నేను ఒక లెక్క వేసి చూపిస్తాను.

లక్ష బాకీ. నెలకు 3 శాతం వడ్డీ. వడ్డీ కలిపిన బాకీలో కనీసం 5 శాతం కట్టమంటారు. మొదటి నెల బాకీ 1,03,000, కట్టాల్సింది 5,150. కట్టేశాక 97,850 మిగిలింది. మర్నెల బిల్లు 5,040 లోపే వస్తుంది. హమ్మయ్య తగ్గింది అనుకుంటాం. ఇలా బిల్లులో ఎంత అడిగితే అంతే కడుతూ పోతే, కార్డు మీద కొత్తగా ఏమీ కొనకపోయినా, బాకీ సగానికి దిగడానికే 32 నెలలు పడుతుంది. అదే మొదటి నెల కట్టిన 5,150ని మార్చకుండా ప్రతి నెలా కడితే 30 నెలల్లో మొత్తం తీరిపోతుంది.

ఇంకో రూపాయి సంపాదించింది లేదు, ఇంకో ఖర్చు తగ్గించింది లేదు. బిల్లు తగ్గినా మనం తగ్గలేదు, అంతే. ఈ వ్యాసంలో ఒక్క పని మాత్రమే చేయాలనుకుంటే ఇది చేయండి. కార్డుకు ఈ నెల కట్టిన మొత్తాన్ని ఒక అంకెగా బిగించేసి, బాకీ తీరేదాకా దాన్ని ముట్టుకోకండి.

కార్డు తీరేదాకా వాడకం పూర్తిగా ఆపాలి. పాత బాకీ మిగిలి ఉండగా కొత్తగా కొంటే చాలా కార్డుల్లో బిల్లు కట్టే తేదీదాకా ఇచ్చే వడ్డీ లేని గడువు దక్కదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కార్డు మీద నగదు తీస్తే అంతకన్నా ఘోరం, వడ్డీతో పాటు విడిగా రుసుము కూడా పడుతుంది. కత్తెరతో కత్తిరించాలని నేను అనను. షాపింగ్ యాప్‌లన్నిట్లోంచి నంబరు తీసేస్తే చాలు. పదహారు అంకెలు కొట్టాల్సి వచ్చినప్పుడు చాలా కోరికలు వాటంతటవే చల్లబడతాయి.

నెలకు ఆరు వేలు మిగలాలి కదా అక్కా

మా పిన్ని కొడుకు సంగతి చెబుతాను, వాడి అనుమతితోనే. చేతికి 60,000 వస్తుంది. నా దగ్గరికొచ్చేటప్పటికే చక్కగా లెక్క రాసి తెచ్చాడు. అద్దె 15,000. బ్యాంకు పర్సనల్ లోను వాయిదా 9,000. ఫోను వాయిదా 2,000. కార్డుకు కనీసం 2,000. ఇంటి ఖర్చు 13,000. బండ్లు, రాకపోకలు 5,000. కరెంటు, ఇంటర్నెట్, ఫోను బిల్లులు 4,000. పిన్నీ బాబాయిలకు పంపేది 4,000. మొత్తం 54,000.

"నెలకు ఆరు వేలు మిగలాలి కదా అక్కా. మిగలకపోగా కార్డు పెరుగుతోంది. ఎక్కడికి పోతోందో అర్థం కావట్లేదు" అన్నాడు. పక్కన మరదలు వాడి వైపు చూసిన చూపులో, ఆ ఆరు వేలు వాడే ఎక్కడో తగలేస్తున్నాడన్న అనుమానం స్పష్టంగా కనబడుతోంది.

"నువ్వు తెచ్చింది నెల లెక్క రా. ఏడాది లెక్క ఏదీ?" అన్నాను.

బ్యాంకు స్టేట్‌మెంట్ మూడు నెలలది తెచ్చాడు. అది నెల ఖర్చులకు సరిపోతుంది. ఏడాది ఖర్చులు దొరకాలంటే పన్నెండు నెలలది కావాలి. డౌన్‌లోడ్ చేయించి, పెద్ద అంకెలు ఒక్కొక్కటే చూస్తూ పోయాం. ప్రతి నెలా రాని దాని పక్కనల్లా పెన్సిల్‌తో చుక్క పెట్టమన్నాను. పిల్లల ఫీజులు రెండు విడతల్లో 36,000. జీవిత బీమా 18,000. రెండు బండ్ల ఇన్సూరెన్స్, సర్వీసింగ్ కలిపి 12,000. పెళ్లిళ్లకు వెళ్లిన ప్రయాణాలు, పెట్టుపోతలు 12,000. పళ్ల డాక్టరు, కళ్లజోడు 6,000. ఒకచోట రెండు చుక్కలు పెట్టి ఆగాడు. ఆ కళ్లజోడు తనది కాదట, మరదలిది. ఆమె నవ్వింది. అప్పటిదాకా బిగుసుకున్న వాతావరణం కాస్త సడలింది.

మొత్తం 84,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 7,000. మిగలాల్సింది 6,000. అంటే వీళ్లు నెలకు వెయ్యి లోటులో బతుకుతున్నారు. ఏడాదికి 12,000 కొత్త అప్పు, దాని మీద నెలకు 3.5 శాతం వడ్డీ. ఎవరూ ఏమీ తగలేయలేదు. ఆ ఖర్చుల్లో అనుకోనిది కూడా ఏదీ లేదు. స్కూలు ఫీజు ఏ నెలలో కట్టాలో ఏడాది ముందే తెలుసు. లెక్కలో దానికి చోటు ఇవ్వలేదు, అంతే.

మీరూ ఈ పనే చేయండి. పన్నెండు నెలల స్టేట్‌మెంట్, ఒక పెన్సిల్. నెలనెలా రాని ప్రతి ఖర్చు పక్కనా చుక్క, చివర్లో కూడిక, పన్నెండుతో భాగహారం. ఈ అంకె తెలియకుండా వేసిన బడ్జెట్ ఎంత పొందిగ్గా ఉన్నా మూడో నెలలో తన్నేస్తుంది.

ఎక్కడ తగ్గించాలి

అందరూ చెప్పే చిన్న చిన్న పొదుపుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. రోజూ ఇరవై చోట్ల మనసు చంపుకునే బదులు, ఒకసారి కూర్చుని మూడు పెద్ద నిర్ణయాలు తీసుకుంటే మళ్లీ దాని గురించి ఆలోచించే పని ఉండదు. వాళ్లు తీసుకున్నవి ఇవి. పెద్దగా వాడని రెండో బండి అమ్మేశారు. చేతికి 30,000 వచ్చింది. రాకపోకల ఖర్చు నెలకు 1,500 తగ్గింది. దాని ఇన్సూరెన్స్, సర్వీసింగ్ పోవడంతో ఏడాది లెక్క 84,000 నుంచి 78,000కు దిగింది, నెలకు 6,500. ఎవరూ చూడని వినోదం యాప్‌లు, వాడకం కన్నా పెద్దదైన ఇంటర్నెట్ ప్లాను తగ్గించి ఇంకో వెయ్యి. బయట తినడం తగ్గించి రెండు వేలు.

పిన్నీ బాబాయిలకు పంపేది తగ్గిద్దామా అని వాడే అన్నాడు. వద్దన్నాను. పెద్దవాళ్లు ఆ డబ్బు మీద మందుల లెక్క వేసుకుని ఉంటారు. ఇక్కడ ఆపితే అక్కడ ఇంకో అప్పు మొదలవుతుంది.

ఇప్పుడు కొత్త లెక్క. అద్దె 15,000, బ్యాంకు 9,000, ఫోను 2,000, ఇంటి ఖర్చు 11,000, రాకపోకలు 3,500, బిల్లులు 3,000, పెద్దవాళ్లకు 4,000, ఏడాది ఖర్చుల కోసం 6,500. మొత్తం 54,000. మిగిలిన 6,000 కార్డుకు. 60,000కు 60,000 సరిపోయింది, పేరు లేకుండా ఒక్కటీ మిగల్లేదు. మిగిలింది చూసి అప్పుకు కడదాం అనుకుంటే మిగలదు. కట్టాల్సింది ముందే రాసుకోవాలి.

ఇంటి ఖర్చు 11,000లో చెరో 750 చేతి ఖర్చు కింద విడిగా తీసిపెట్టాం. దానికి ఎవరూ ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. లెక్కల మనిషినై ఉండి ఇలా చెబుతున్నానని నవ్వుకోకండి. ప్రతి పైసాకూ జవాబు చెప్పాల్సిన ఇంట్లో అబద్ధాలు మొదలవుతాయి. అబద్ధం చేరిన పద్దు ఎందుకూ పనికిరాదు.

డబ్బు ఏ తేదీన ఎటు వెళ్లాలి

చేతి ఖర్చు పోగా ఇంటి ఖర్చులో మిగిలిన 9,500ని వారాలకు పంచాలి. ఇక్కడ అందరూ నాలుగుతో భాగిస్తారు, వారానికి 2,375 వస్తుంది. నెలంటే నాలుగు వారాలు కాదు. ఆ పైన రెండు మూడు రోజులుంటాయి, ఆ రోజుల్లోనే కార్డు బయటికి వస్తుంది. పన్నెండుతో గుణించి 52తో భాగించండి. వారానికి 2,190. ఈ డబ్బు విడిగా ఇంకో ఖాతాలో పడేలా చేసి, ఇంటి ఖర్చంతా ఆ ఖాతా నుంచే చేయాలి. బ్యాలెన్స్ చూస్తే వారం ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది. రోజూ పద్దు రాసే ఓపిక అందరికీ ఉండదు. ఉంటే మంచిదే.

ఏడాది ఖర్చులకు మూడో ఖాతా. 6,500 జీతం పడిన మర్నాడే అటు వెళ్లిపోయేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించండి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు తీసుకోకండి.

ఇందులో ఒక చిక్కుంది. మొదటి నెల ఆ ఖాతాలో ఏమీ ఉండదు, ఖర్చులేమో మనకోసం ఆగవు. అందుకే పన్నెండు నెలల పేర్లు వరసగా రాసి, ఏ నెలలో ఏది వస్తుందో రాసి, ఆ నెలకు ఖాతాలో ఎంత చేరుతుందో పక్కన వేసి చూడాలి. వీళ్లకు మూడో నెలలో 18,000 ఫీజు ఉంది. అప్పటికి 19,500 చేరుతుంది, సరిపోయింది. అయిదో నెలలో బీమా 18,000. ఫీజు పోగా అప్పటికి ఉండేది 14,500. చాలదు. బీమా కంపెనీకి రాసి ఆరు నెలలకోసారి కట్టేలా మార్పించుకున్నాడు. అలా మారిస్తే మొత్తం కాస్త పెరుగుతుంది, నిజమే. కార్డు మీద కట్టడం కన్నా అది చవకే.

వాయిదా తేదీలు కూడా సర్దుకోవాలి. జీతం ఒకటిన పడుతుంటే 25న కట్టాల్సిన వాయిదా ఎప్పుడూ టెన్షనే. చాలాచోట్ల అడిగితే తేదీ మారుస్తారు. జీతం పడిన అయిదారు రోజుల్లో అన్ని వాయిదాలూ వెళ్లిపోయేలా చేసుకుంటే, నెలలో మిగతా రోజులు ఖాతాలో కనబడేది నిజంగా మీ డబ్బే.

నెల జీతం కానివాళ్లు, అంటే వ్యాపారమో ఫ్రీలాన్సో చేసేవాళ్లు, గడిచిన ఏడాదిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన నెలను పట్టుకుని బడ్జెట్ వేయాలి. సగటు పట్టుకుంటే నడవదు. ఎక్కువొచ్చిన నెలలో పై డబ్బు ఎటు పోవాలో ముందే రాసి పెట్టుకోండి. మొదట ఏడాది ఖర్చుల ఖాతా నిండాలి, ఆ తర్వాత అప్పు.

ఏ అప్పు ముందు

బండి అమ్మగా వచ్చిన 30,000 మొత్తం కార్డుకు కట్టేద్దామని వాడు ఉత్సాహపడ్డాడు. కార్డు బాకీ 40,000. నేను 20,000 కార్డుకు కట్టించి 10,000 పక్కన పెట్టించాను. 42 శాతం వడ్డీ అప్పు ఉండగా డబ్బు ఊరికే ఉంచడం లెక్క ప్రకారం నష్టమే. కానీ చేతిలో ఏమీ లేని ఇంట్లో ఫ్రిజ్ పాడైతే మళ్లీ కార్డే గతి. ఈ 10,000 ఆస్పత్రికీ, ఆగిపోతే రోజు గడవని రిపేర్లకీ మాత్రమే. సేల్ వచ్చింది కదా అని అది ముట్టుకోరాదు.

ఇక వరస. ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు తీర్చడం లెక్కకు మంచిది. చిన్న అప్పు ముందు తీర్చడం మనసుకు మంచిది అంటారు, అది ఉత్తి మాట కాదు. 2012లో డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ అనే అమెరికా పరిశోధకులు అప్పుల పరిష్కార కార్యక్రమంలో చేరినవాళ్ల వివరాలు పరిశీలించి, ఖాతాలు ఒక్కొక్కటిగా మూసేస్తూ వచ్చినవాళ్లు చివరిదాకా నిలబడి అప్పంతా తీర్చుకునే అవకాశం ఎక్కువని చెప్పారు. నా పద్ధతి ఇలా ఉంటుంది. రెండు మూడు నెలల్లో అయిపోయే చిన్న అప్పు ఉంటే ముందు దాన్ని వదిలించుకోండి. అలాంటిది లేకపోతే ఎక్కువ వడ్డీదే ముందు.

వాడి విషయంలో కార్డు. మిగిలిన 20,000కు నెలకు 6,000 చొప్పున కడితే, 3.5 శాతం వడ్డీతో కూడా, నాలుగో నెలలో ముగిసిపోతుంది. ఫోనుకు ఆరు వాయిదాలే మిగిలాయి, దాని దారిన అది పోతుంది. ఆ తర్వాత రెండున్నాయి, బ్యాంకు లోను 2,10,000, వడ్డీ 14 శాతం. బావమరిది దగ్గర వడ్డీ లేని 50,000. లెక్క ప్రకారం బ్యాంకుదే ముందు తీర్చాలి. బావమరిదిది ముందు తీరిస్తే వడ్డీ రూపంలో సుమారు ఆరు వేలు ఎక్కువ పోతుంది. ఇద్దరికీ ఈ అంకె చెప్పి నిర్ణయం వాళ్లకే వదిలేశాను. మరదలు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ముందు అన్నయ్యది ఇచ్చేద్దాం. ఈసారి పుట్టింటికి వెళ్లేసరికి ఆ బరువు ఉండకూడదు" అంది. ఆరు వేలకు అది నాకు న్యాయమైన బేరమే అనిపించింది. అంతకన్నా ముందు ఆయనకు ఫోన్ చేసి, ఏ నెల నుంచి ఎంత ఇవ్వబోతున్నారో చెప్పమన్నాను. అప్పిచ్చినవాళ్లకు డబ్బు ఆలస్యమైతే బాధ ఉంటుంది, మాట లేకపోతే అవమానంగా ఉంటుంది.

ఒక అప్పు తీరగానే దాని వాయిదా ఇంటి ఖర్చులో కలిసిపోకుండా అదే రోజు తర్వాతి అప్పుకు మళ్లించాలి. ఇందులో కిటుకంతా అదే. కార్డు తీరాక ఆ 6,000 బావమరిదికి. ఫోను తీరాక 2,000 కలిసి 8,000. పదకొండో నెలకు ఆయనది పూర్తి. అప్పటి నుంచి బ్యాంకుకు 9,000 స్థానంలో 17,000. ముందే కట్టినందుకు జరిమానా లేకపోతే అన్నీ కలిపి 20 నెలల్లో తేలిపోతాయి. మామూలుగా వాయిదాలు కట్టుకుంటూ పోతే ఒక్క బ్యాంకు లోనుకే 28 నెలలు పట్టేది.

బ్యాంకుకు అదనంగా కట్టేటప్పుడు "వాయిదా మొత్తం మార్చొద్దు, నెలలు తగ్గించండి" అని రాసి ఇవ్వండి. ఏమీ చెప్పకపోతే కొన్నిచోట్ల వాయిదా తగ్గించి గడువు అలాగే ఉంచేస్తారు, కొన్నిచోట్ల ఆ డబ్బుని వచ్చే నెల వాయిదా కింద జమ చేసుకుంటారు. రెండూ మనకు పనికిరావు. తర్వాతి స్టేట్‌మెంట్లో అసలు తగ్గిందో లేదో చూసుకోవాలి.

అన్నీ కలిపి ఒకే లోను

దీని గురించి రోజుకొకరు ఫోన్ చేసి ఊరిస్తారు. తక్కువ వడ్డీ, తక్కువ వాయిదా. అంకెల్లో చూద్దాం. లక్ష అప్పు 24 శాతం వడ్డీకి ఏడాదిలో తీరిస్తే నెలకు 9,456, మొత్తం వడ్డీ 13,500 లోపు. అదే లక్ష 15 శాతానికే దొరికింది, కాకపోతే నాలుగేళ్లు. వాయిదా 2,783కి పడిపోయింది, ప్రాణం లేచొచ్చింది. మొత్తం వడ్డీ దాదాపు 33,600. వడ్డీ శాతం తగ్గింది, కట్టే వడ్డీ రెండింతలు దాటింది.

అలాగని అది ఎప్పుడూ తప్పు కాదు. గడువు పెంచకుండా, లేదా పాత వాయిదా అంతే కట్టే వీలుంటే, తక్కువ వడ్డీ లోనుకు మారడం లాభమే. ప్రాసెసింగ్ ఫీజు, బీమా పేరుతో తగిలించేవి అన్నీ కలిపి మొత్తం ఎంత కడుతున్నామో చూసుకోవాలి. పాత కార్డులు ఖాళీ అయిన రోజే పరిమితి తగ్గించమనో, మూసేయమనో అడగాలి. ఖాళీ కార్డు ఇంట్లో ఉంటే ఏడాది తిరిగేసరికి కొత్త లోనుతో పాటు పాత కార్డూ నిండుతుంది. అలాంటి ఇళ్లు నేను చూశాను.

ఏం చేసినా అంకె కలవకపోతే

కొందరి కాగితాలు చూశాక నాకే నోట మాట రాదు. అద్దె, తిండి, కరెంటు, మందులు తీసేశాక మిగిలింది వాయిదాల మొత్తం కన్నా తక్కువ. అక్కడ బడ్జెట్ ఏమీ చేయలేదు. ఇంకో యాప్‌లో అప్పు తీసుకుని ఈ నెల వాయిదా కట్టడం మాత్రం చేయకండి. వాయిదా తప్పకముందే అప్పిచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లాలి. తప్పాక వెళ్తే వసూళ్ల విభాగం మాట్లాడుతుంది, ముందే వెళ్తే గడువు పెంచడమో కొన్నాళ్లు వాయిదా తగ్గించడమో మాట్లాడుకునే వీలుంటుంది. వెళ్లేటప్పుడు మీ నెల లెక్క, ఏడాది లెక్క రెండూ పట్టుకెళ్లండి. "ఇబ్బందుల్లో ఉన్నాం" అనే మాట వాళ్లు రోజూ వింటారు. "అన్నీ పోను నెలకు ఇంతే ఇవ్వగలను, ఇదిగో లెక్క" అంటే కూర్చోబెట్టి మాట్లాడతారు. ఒప్పుకున్నది ఏదైనా రాతలో తీసుకోండి. సెటిల్‌మెంట్ అని బాకీలో కొంత కొట్టేస్తామంటే, అది క్రెడిట్ రిపోర్టులో, అంటే మన అప్పుల చరిత్ర ఉండే నివేదికలో, పూర్తిగా తీర్చినట్టు కాకుండా సెటిల్ చేసినట్టు నమోదు కావచ్చు, తర్వాత అప్పు పుట్టడానికి అడ్డవుతుంది. తెలిసే ఒప్పుకోండి.

తీరిన రోజు చేయాల్సినవి

చివరి వాయిదా కట్టేసి ఊపిరి పీల్చుకుని వదిలేస్తారు. కాగితాలు మిగిలే ఉంటాయి. బాకీ ఏమీ లేదని బ్యాంకు రాసిచ్చే నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోవాలి. తాకట్టు పెట్టినవి, సంతకం చేసిచ్చిన చెక్కులు, ప్రామిసరీ నోటు వెనక్కి తెచ్చుకోవాలి. ఆటో డెబిట్ రద్దయిందో లేదో చూడాలి. కార్డు బాకీ తీరాక కూడా మర్నెల బిల్లు ఒకసారి తెరిచి చూడండి, బిల్లు తేదీకీ కట్టిన తేదీకీ మధ్య రోజులకు పడ్డ వడ్డీ చిన్న మొత్తంగా కనబడుతుంది. నలభయ్యో యాభయ్యో కదా అని వదిలేస్తే దాని మీద ఆలస్య రుసుము పడొచ్చు. రెండు మూడు నెలలాగి క్రెడిట్ రిపోర్టు తీసి, ఆ ఖాతా పక్కన మూసేసినట్టు ఉందో లేదో సరిచూసుకోండి. లేకపోతే నో డ్యూ సర్టిఫికెట్ జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. ఆ సర్టిఫికెట్ అసలు ప్రతి మాత్రం ఎవరడిగినా చేతికివ్వకండి, నకలు ఇవ్వండి.